వింత జీవులు - వట్టి మాటలు

పగలంతా పొలములో పనిచేసి మనము ఇల్లు చేరుకొనే వేళకు, ఊరి చివరి గుట్టల్లోను, చిట్టడవుల్లోను, గట్ల కింద బొరియల్లోను మరికొన్ని ప్రాణులు నిద్రలేచి తమ పనికి బయలుదేరుతాయి. వాటిని మనలో చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. చూసినవారు మాత్రము మరచిపోలేరు. ఒళ్ళంతా పొలుసులు కప్పుకొన్న జంతువు ఒకటి. ముఖమంతా కళ్ళే అన్నట్లుండే చిన్న ప్రాణి మరొకటి. ఏది తలో ఏది తోకో తెలియని పాము ఇంకొకటి. వీటికి తోడు పట్టపగలే తిరిగే ఉడుము ఉండనే ఉన్నది.

కంగారూను గురించి, పెంగ్విన్‌ను గురించి మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుకొంటారు. అది మంచిదే. అయితే మన పొలిమేరలోనే బ్రతికే అలుగును గురించి అడిగితే ఎందరు చెప్పగలరు? అందుకే ఈసారి మేము దూరదేశాలకు వెళ్ళక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోనే కనబడే కొన్ని వింత జీవులను పాఠకులకు పరిచయము చేయదలచాము.

దీనికి మరొక కారణము కూడా ఉన్నది. ఈ ప్రాణుల వింత గుణాలను ఆధారము చేసుకొని పల్లెల్లో కొన్ని వదంతులు తిరుగుతున్నాయి. వాటిని నమ్మినవారి చేతిలో నోరులేని జీవులు చస్తున్నాయి. నమ్మిన పేద కుటుంబాలు కూడా కోర్టుల చుట్టూ తిరిగి నలిగిపోతున్నాయి. గనుక ప్రతి జీవిలోని వింత ఏమిటో, దాని మీద పుట్టిన వట్టి మాట ఏమిటో వేరు చేసి చూద్దాము.

పళ్ళు లేని అలుగు

అలుగును మొదటిసారి చూసినవారు ఇది బల్లి జాతిదా, మొసలి పిల్లా అని తికమక పడతారు. నిజానికి అది ఆవు, మేకల వలె పిల్లను కని పాలిచ్చే జంతువు. పాలిచ్చే జంతువులలో ఒంటినిండా ఇటువంటి గట్టి పొలుసులు కలిగినవి అలుగు జాతులు మాత్రమే. ప్రపంచములో 8 రకాల అలుగులు ఉన్నవని చాలాకాలముగా లెక్కిస్తున్నారు. నాలుగు ఆసియాలో, నాలుగు ఆఫ్రికాలో. మన ప్రాంతములో కనబడేది భారతీయ అలుగు. పెరిగినది సాధారణముగా 10 నుండి 16 కిలోల బరువు తూగుతుంది.

దాని నోటిలో ఒక్క పన్ను కూడా లేదు. అయినా ఆకలితో పడుకోదు. దాని ఆహారము చీమలు, చెదపురుగులు, వాటి గుడ్లు. ముందుకాళ్ళకున్న పొడవాటి గోళ్ళతో గడ్డపారకు కూడా లొంగని చెదపుట్టను తవ్వి, సన్నని బంక నాలుకను లోపలికి పంపుతుంది. ఆ నాలుక మొదలు మనకున్నట్లు నోటిలో లేదు. రొమ్ము లోపలి వరకు వెళ్ళి అక్కడ అతుక్కొని ఉంటుంది. పురుగులు ముఖము మీదికి పాకినప్పుడు ముక్కు రంధ్రాలను, చెవులను మూసుకొంటుంది. నమలడానికి పళ్ళు లేవు గనుక ఆహారముతో పాటు చిన్న చిన్న రాళ్ళు మింగుతుంది. కడుపులో ఆ రాళ్ళే తిరుగలి వలె పురుగులను నూరుతాయి. మన ఇంటి కోడికి కందనగాయ చేసే పనే ఇది.

అలుగు పరుగెత్తి తప్పించుకోలేదు, తిరగబడి కరవలేదు. అపాయము వచ్చినప్పుడు తలను పొట్టలోకి ముడుచుకొని, తోకను పైన చుట్టుకొని బంతి వలె అయిపోతుంది. పొట్ట, ముఖము మెత్తగా ఉంటాయి గనుక వాటిని లోపల దాచుకొని పొలుసులను మాత్రము బయటకు ఉంచుతుంది. ఆ బంతిని విప్పడము చిరుతపులికి, సింహానికి కూడా కష్టమే. సాధారణముగా కాన్పుకు ఒక్కటే పిల్ల. ఆ పిల్ల తల్లి తోక మొదట్లో ఎక్కి కూర్చొని ఊరేగుతుంది. శత్రువు కనబడగానే తల్లి పిల్లను పొట్టకు చేర్చుకొని దానిపైన తాను బంతిగా చుట్టుకొంటుంది.

చిరుతను ఓడించిన ఈ ఉపాయమే మనిషి దగ్గర దానికి మృత్యువైంది. బంతిగా చుట్టుకొని కదలకుండా ఉన్న జంతువును గోనెసంచిలో వేసుకొని పోవడానికి తుపాకీ అక్కరలేదు, వల అక్కరలేదు. దాని పొలుసులు రోగాలు నయము చేస్తాయనే నమ్మకము కొన్ని దేశాలలో ఉన్నందున వాటి కోసము అలుగులను చంపి దొంగతనముగా రవాణా చేస్తున్నారు. ఇంతకూ ఆ పొలుసు ఏమిటి? మన గోరు, మన వెంట్రుక ఏ పదార్థముతో తయారయ్యాయో అదే పదార్థము. కెరాటిన్ అని దాని పేరు. మనము కత్తిరించి పారవేసే గోటిలో లేని ఔషధము అలుగు పొలుసులోనూ లేదు. 2016లో ప్రపంచ దేశాలు వన్యప్రాణుల వ్యాపారముపై గల సైటిస్ ఒప్పందము కింద అన్ని రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించడానికి నిర్ణయించుకొన్నాయి. ఈ పొలుసులను మందుగా ఎక్కువగా వాడిన చైనా దేశము కూడా 2020లో తన అధికారిక ఔషధ గ్రంథములోని జాబితా నుండి వాటిని తొలగించింది. అయినా దొంగ వ్యాపారము పూర్తిగా ఆగలేదు.

దేవాంగ పిల్లి పిల్లి కాదు

రాత్రివేళ తుమ్మచెట్ల మధ్య టార్చిలైటు వేస్తే రెండు గుండ్రని కళ్ళు నిప్పుకణికల వలె ఎర్రగా మెరుస్తాయి. దయ్యమని పరుగెత్తినవారు లేకపోలేదు. అది దేవాంగ పిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి జాతిది కాదు, కోతులకు దూరపు బంధువు. చెయ్యి చాపితే అందులో కూర్చొనేంత చిన్నది. బరువు పావు కిలో అటూ ఇటూ. తోక లేదు. కాళ్ళు చేతులు వెదురుపుల్లల వలె సన్నగా ఉంటాయి. కడప, చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు దగ్గరగా ఉన్న శేషాచలము కొండల్లో ఇది నివసిస్తుంది.

దాని కళ్ళు అంత పెద్దవిగా ఉండడము రాత్రి వెలుతురులో పురుగులను చూడడానికే. కంటి వెనుక భాగములో అద్దము వంటి పొర ఒకటి ఉన్నది. లోపలికి వచ్చిన కొద్దిపాటి వెలుగును ఆ పొర తిరిగి కంటిలోకే పంపుతుంది. అందుకే టార్చి వెలుతురులో కళ్ళు మెరుస్తాయి. రాత్రి రోడ్డు మీద మన ఆవు కళ్ళు మెరిసేదీ ఇటువంటి పొర వల్లనే. దయ్యమేమీ లేదు.

కోతి గంతులు వేస్తుంది. దేవాంగ పిల్లి గంతు వేయదు. ఆకు కదలకుండా, కొమ్మ చప్పుడు కాకుండా ఒక్కొక్క అడుగు వేస్తూ పోతుంది. పురుగు దగ్గరకు చేరగానే వెనుకకాళ్ళతో కొమ్మను గట్టిగా పట్టుకొని రెండు చేతులతో చటుక్కున అందుకొంటుంది. ఇతర జంతువులు ముట్టని ఘాటైన పురుగులను కూడా తింటుంది. దానికి మరొక విచిత్రమైన అలవాటు ఉన్నది. తన మూత్రాన్ని అరచేతులకు, అరికాళ్ళకు రాసుకొంటుంది. కొమ్మ మీద పట్టు జారకుండా ఉండడానికని కొందరు శాస్త్రజ్ఞులు, ఘాటైన పురుగుల మంట తగ్గడానికని మరికొందరు చెబుతారు. పగటివేళ ముళ్ళ పొదల్లోనో, చిక్కటి కొమ్మల్లోనో ఉండలా ముడుచుకొని నిద్రపోతుంది. తల్లి రాత్రివేళ వేటకు వెళ్ళేటప్పుడు పిల్లను ఒక కొమ్మకు అంటిపెట్టి వెళ్తుంది. తిరిగి వచ్చేవరకు పిల్ల ఆ కొమ్మను వదలదు. కూలికి వెళ్ళే తల్లి బిడ్డను చెట్టుకు కట్టిన ఉయ్యాలలో వేసి వెళ్ళినట్లే కదా!

ఈ చిన్న జీవిని చూస్తే అరిష్టమని కొందరంటారు. దాని కన్నుతో వశీకరణ మందు చేయవచ్చునని మరికొందరంటారు. చేతబడి పేరిట దానిని హింసించేవారు కూడా ఉన్నారు. వాటి ఫలితము ఎప్పుడైనా ఎవరైనా కళ్ళారా చూశారా అంటే, చూసినవారు దొరకరు, విన్నవారే దొరుకుతారు. ఒక మూగ జీవి కన్ను పీకితే ఒకరి మనసు మరొకరి వైపు తిరుగుతుందని నమ్మడము ఎంత అన్యాయమో పెద్దలే పిల్లలకు చెప్పాలి. పొరుగు రాష్ట్రమైన తమిళనాడు 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్ల అడవిని ఈ ఒక్క ప్రాణి కోసమే అభయారణ్యముగా ప్రకటించింది. మన దేశములో ఇటువంటిది అదే మొదటిది.

రెండు తలల పాముకు తల ఒక్కటే

పొలము దున్నేటప్పుడు, ఇసుక తవ్వేటప్పుడు ఎర్రమట్టి రంగులో, నున్నగా, లావుగా ఉండే పాము ఒకటి బయటపడుతుంది. ఒక చివర ఎంత మొద్దుగా ఉంటుందో రెండవ చివర కూడా ఇంచుమించు అంతే మొద్దుగా ఉంటుంది. అందుకే రెండు తలల పాము అని పేరు వచ్చింది. ఆరు నెలలు ఒక తల వైపు, మరో ఆరు నెలలు రెండవ తల వైపు నడుస్తుందని మన పెద్దలు చెప్పుకొనేవారు. పాము ఎప్పుడూ ఒకే వైపు నడుస్తుంది. తల ఒక్కటే. రెండవది తోక.

తోక ఎందుకు అలా ఉన్నది? ఈ పాముకు విషము లేదు. పెద్దగా పరుగు కూడా లేదు. ముంగిసో, గద్దో మీదికి వచ్చినప్పుడు తలను చుట్టల కింద దాచి, తోకను తల వలె పైకెత్తి ఆడిస్తుంది. శత్రువు ఆ తోకనే తల అనుకొని కరుస్తుంది. తోకకు గాయమైనా తల, ప్రాణము దక్కుతాయి. పెద్ద వయసు పాములను పరిశీలిస్తే తోక మీద పాత గాయాల మచ్చలు కనబడడము సాధారణమే. వదులు నేలలో ముక్కుతో తవ్వుకొంటూ పోయి, బొరియల్లోని ఎలుకలను చుట్టి నొక్కి చంపి తింటుంది. చాలా పాముల వలె గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది.

ఈ పాము నాకితే కుష్ఠు వస్తుందని ఒక భయము మన పల్లెల్లో ఉండేది. కుష్ఠు వ్యాధికి కారణము కంటికి కనబడని సూక్ష్మక్రిమి అని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. పాముకు ఆ వ్యాధితో ఏ సంబంధమూ లేదు. దానికి మందు ఉన్నది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితముగా ఇస్తారు.

అయితే ఆ భయము తగ్గిన చోట ఆశ ప్రవేశించింది. ఈ పాము ఇంట్లో ఉంటే ధనము కలిసివస్తుందని, ఇన్ని కిలోల బరువుంటే ఇన్ని లక్షలని, విదేశాల్లో కోట్లు పలుకుతుందని దళారులు ప్రచారము చేశారు. దాని ఒంట్లో ఏదో అపురూపమైన లోహముందని కూడా చెప్పారు. అవన్నీ కట్టుకథలు. పాము ఒంట్లో ఉన్నది ఎముక, మాంసము, తిన్న ఎలుక. దానికి నిజముగా ఒక విలువ ఉన్నది. రైతు గాదె దగ్గర, వరి గట్టు దగ్గర ఎలుకలను పట్టడమే ఆ విలువ.

ఉడుము పట్టు

పట్టుదల గల మనిషిని చూసి మనము ఉడుము పట్టు పట్టాడని అంటాము. మన భాషలో ఇంత గౌరవము పొందిన ప్రాణులు కొద్దిగానే ఉన్నాయి. 1670లో కొండాణా అనే సింహగఢ్ కోటను పట్టుకొనడానికి శివాజీ సేనాని తానాజీ ఉడుము నడుముకు తాడు కట్టి గోడ ఎక్కించాడని మహారాష్ట్రలో ఒక కథ చెప్పుకొంటారు. చరిత్రకారులు దానిని కథగానే తీసుకొంటారు. కాని రాతి పగుళ్ళలో దూరి, గోళ్ళు నాటి, శరీరాన్ని ఉబ్బించుకొన్న ఉడుమును బయటికి లాగడము సులభము కాదన్నది మాత్రము నిజము.

ఉడుము నాలుక పాము నాలుక వలె రెండుగా చీలి ఉంటుంది. దానితో గాలిలోని వాసనను పట్టి నోటిలోని ఒక ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. చీలిన రెండు కొనలకు చేరే వాసనలోని తేడాను బట్టి ఎర ఏ వైపున ఉన్నదో తెలుసుకొంటుంది. అందుకే అది నడుస్తున్నంతసేపూ నాలుకను బయటికి చాస్తూనే ఉంటుంది. ఆ నాలుకలో విషము లేదు. పురుగులు, పీతలు, ఎలుకలు, గుడ్లు, పాములు, చచ్చిన జంతువులు ఇవన్నీ దాని ఆహారమే. పొలానికి కాపలాదారు, ఊరికి పాకీపని చేసేది కూడా అదే.

సంతల్లో రోడ్డు పక్కన కూర్చొని ఉడుము నూనె అమ్మేవారిని పాఠకులు చూసే ఉంటారు. కీళ్ళ నొప్పులకు దివ్యౌషధమని వారు అరుస్తుంటారు. ఏ జంతువు కొవ్వునైనా కాచితే నూనె వస్తుంది. నూనెతో మర్దన చేస్తే కాసేపు ఉపశమనము కలుగుతుంది. ఆ హాయి మర్దన వల్ల వచ్చినది గాని ఉడుము వల్ల వచ్చినది కాదు. ఇంట్లో ఉన్న నువ్వుల నూనె ఆ పని చేస్తుంది.

ఇంతకన్నా పెద్ద మోసము మరొకటి ఉన్నది. హత్తాజోడి అనే పేరుతో, జోడించిన రెండు చేతుల వలె ఉండే ఎండు వేరును ఇంట్లో పెట్టుకొంటే సిరి వస్తుందని అమ్ముతారు. 2017లో పరిశోధకులు దాని గుట్టు బయటపెట్టారు. అది వేరు కాదు. మగ ఉడుమును చంపి కోసి ఎండబెట్టిన జననాంగము. సిరి వస్తుందని పెట్టెలో పెట్టుకొన్న కుటుంబము తెలియకుండానే నేరానికి సంబంధించిన వస్తువును ఇంట్లో దాచుకొన్నట్లు అవుతుంది.

ఆశ చూపేవాడు, శిక్ష పడేవాడు

ఈ నాలుగు జీవుల విషయములోను ఒక పోలికను గమనించండి. బంతిగా చుట్టుకొనే అలుగు, పెద్ద కళ్ళ దేవాంగ పిల్లి, తల వంటి తోక గల పాము, పట్టు వదలని ఉడుము, వీటికి ఆ వింత గుణము బ్రతకడానికి ఇవ్వబడింది. అదే గుణాన్ని చూపి దళారి కథ అల్లుతాడు. అసలు వింత తెలియని మనిషికి ఆ కథ నిజమనిపిస్తుంది.

దళారి ఎప్పుడూ తాను అడవిలోకి వెళ్ళడు. ఊరిలో పని దొరకని యువకుని పట్టుకొంటాడు. వాన పడక పైరు ఎండిన సంవత్సరము, అమ్మాయి పెళ్ళి అప్పు తీరని సంవత్సరము చూసి వస్తాడు. జంతువును పట్టి ఫోటో పంపు చాలు, కొనేవారు సిద్ధముగా ఉన్నారని చెబుతాడు. ఒక్కొక్కప్పుడు ముందుగా ఖర్చులకని ఈ పేదవాని దగ్గరే డబ్బు గుంజుతాడు. ఆ తరువాత ఫోను పలకదు. లేదా బేరమాడడానికి వచ్చినవారు మారువేషములో ఉన్న అధికారులని తేలుతుంది. సంచి మోసుకువచ్చినవాడు దొరుకుతాడు. కథ చెప్పినవాడు దొరకడు.

చట్టము ఏమి చెబుతున్నదో ప్రతి ఇంటివారు తెలుసుకోవడము మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అలుగు, దేవాంగ పిల్లి, ఉడుము అత్యధిక రక్షణ గల మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రెండు తలల పామును పట్టడము, అమ్మడము కూడా నేరమే. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే 3 సంవత్సరాలకు తగ్గకుండా 7 సంవత్సరాల వరకు జైలు. 2022లో చేసిన సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. చంపడమే వేట అనుకోకూడదు. పట్టుకోవడము, ఉచ్చు వేయడము కూడా చట్టము దృష్టిలో వేటే. బెయిలు సులభముగా దొరకదు. తీసుకువెళ్ళిన మోటారు సైకిలును స్వాధీనము చేసుకొంటారు. ఇంటి పెద్ద జైలులో ఉంటే ఆ మూడేళ్ళు పిల్లల చదువు, పొలము పని, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు ఎవరు చూస్తారు? చెప్పిన లక్షలు మాత్రము ఆ ఇంటికి రావు.

అడవి తెలిసినవారికి దక్కిన గౌరవము

అడవి అంచున బ్రతికేవారికి జంతువుల జాడ తెలియడము నేరము కాదు. అది గొప్ప విద్య. ఆ విద్యను మంచికి వాడినప్పుడు లోకము ఎలా గౌరవించిందో చూపడానికి రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది మన కడప జిల్లాలో జరిగింది. కలివి కోడి అనే చిన్న పక్షి ఉన్నది. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటాయి. పగలు పొదల్లో దాగి, రాత్రి నేల మీద తిరుగుతుంది. బ్రిటిష్ వైద్యుడైన జెర్డాన్ దీనిని 1848లో లోకానికి పరిచయము చేశాడు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున రాయలసీమలో సేవచేస్తూ ప్రకృతిని కూడా శ్రద్ధగా పరిశీలించిన విలియం హోవర్డ్ క్యాంప్‌బెల్ 1900లో దీనిని చూసినట్లు నమోదు చేశాడు. ఆ తరువాత 80 సంవత్సరాలకు పైగా ఏ శాస్త్రజ్ఞునికీ అది కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకొన్నారు.

సుప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ ప్రోత్సాహముతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వెదకడము మొదలుపెట్టారు. వారి పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో తిరుగుతూ పక్షి బొమ్మను అక్కడివారికి చూపించాడు. రాత్రిళ్ళు దీపము వేసి పక్షులను పట్టడములో ఆరితేరిన ఐతన్న అనే స్థానికుడు దానిని గుర్తుపట్టాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అతడు ఆ పక్షిని ప్రాణాలతో పట్టి చూపించాడు. పెద్ద పెద్ద గ్రంథాలకు అందని సంగతి ఒక పల్లెవాసికి తెలిసి ఉన్నది! ఆ పక్షి కోసము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. 1988లో తపాలాశాఖవారు దాని బొమ్మతో స్టాంపు విడుదల చేశారు. తరువాతి కాలములో దాని నివాసానికి హాని కలగకుండా తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది.

రెండవది తమిళనాడులోని ఇరుల ప్రజల సంగతి. తరతరాలుగా వారు పాములు పట్టి, చర్మము అమ్మి బ్రతికేవారు. 1972 చట్టము వచ్చిన తరువాత ఆ బ్రతుకుతెరువు పోయింది. దొంగచాటుగా ఆ పనే చేస్తూ జైలుకు వెళ్ళవలసినవారే. కాని పాముల నిపుణుడైన రోములస్ విటేకర్ సహాయముతో 1978లో చెన్నై దగ్గర ఇరుల పాములవారి సహకార సంఘము ప్రారంభమైంది. ప్రభుత్వ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు రకాల పాములను పట్టి, కొంతకాలము ఉంచుకొని విషము తీసి, తిరిగి అడవిలో వదిలిపెడతారు. మన దేశములో పాముకాటుకు ఇచ్చే మందు తయారీకి వాడే విషములో అధిక భాగము చాలా కాలముగా ఆ సంఘము నుండే వస్తున్నది. పొలములో పాము కరచి ఆసుపత్రికి చేరి బ్రతికిన రైతు, తనకు తెలియకుండానే ఇరులవారికి ఋణపడి ఉన్నాడు.

ఆ ఇరులవారిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు 2017లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి వెళ్ళి, అక్కడ బెడదగా మారిన కొండచిలువలను వెదకి పట్టడములో అక్కడివారికి సహాయపడ్డారు. 2023లో భారత ప్రభుత్వము వారిద్దరికీ పద్మశ్రీ ఇచ్చి సత్కరించింది. ఒకప్పుడు వారి పెద్దలు చర్మాల కోసము వాడిన నేర్పే ఈ గౌరవము తెచ్చింది.

మన ఇంట చేయదగినవి

ఇంత చదివిన తరువాత మనము ఏమి చేయగలము అని పాఠకులు అడగవచ్చు. చేయదగినవి చిన్న చిన్న పనులే.

అలుగు గాని, దేవాంగ పిల్లి గాని, రెండు తలల పాము గాని పొలములోనో దొడ్డిలోనో కనబడితే దాని దారిన దానిని పోనివ్వండి. గుంపు కూడి కేకలు వేయకండి, కర్రతో పొడవకండి. కుక్కలను కట్టివేయండి. బావిలో పడినా, వలలో చిక్కినా, గాయపడినా మీ ప్రాంతపు అటవీశాఖ బీటు అధికారికి కబురు పంపండి. ఆయన ఫోను నంబరును పంచాయతీ కార్యాలయములో ముందే అడిగి ఇంటి గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. ఎవరూ అందకపోతే 112కు ఫోను చేయవచ్చు.

జాలిపడి ఇంట్లో పెంచుదామని కూడా అనుకోవద్దు. అలుగుకు రాత్రికి రాత్రి కావలసినన్ని చీమలను, చెదలను మనము తెచ్చిపెట్టలేము. బోనులో అవి తరచుగా కొద్దికాలానికే చనిపోతాయి. చట్టము కూడా ఒప్పుకోదు.

ఏ పామైనా సరే దానిని చేతితో పట్టడానికి ప్రయత్నించవద్దు. విషము లేనిదని మనము అనుకొన్నది విషపు పాము కావచ్చు. పాము కరిస్తే మంత్రగాని దగ్గరకు కాక నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

దళారి మాట మీ ఊరిలో వినబడితే ఆ యువకునితో పెద్దలు ముందుగానే కూర్చొని మాట్లాడండి. అతనిని అవమానించి లాభము లేదు. అప్పు ఎంత ఉన్నదో, పని ఎక్కడ దొరుకుతుందో కలిసి ఆలోచించండి. అరెస్టయిన తరువాత లాయరు కోసము పరుగెత్తే బదులు అంతకు ముందే ఒక సాయంత్రము కేటాయించడము ఆ కుటుంబానికి ఎంతో మేలు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. రాత్రి భోజనాలయ్యాక తాతగారినో అమ్మమ్మగారినో కూర్చోబెట్టి, వారి చిన్ననాడు ఈ చుట్టుపక్కల ఏయే జంతువులు తిరిగేవో పిల్లల చేత అడిగించండి. మీ ఊరిలో వాటిని ఏ పేరుతో పిలిచేవారో, ఎక్కడ కనబడేవో, ఇప్పుడు ఎందుకు కనబడడము లేదో చెప్పించండి. పిల్లలు ఆ పేర్లను ఒక నోటుపుస్తకములో రాసుకోనివ్వండి. కలివి కోడి పేరు, ఉనికి కడప పల్లెల్లో ఎవరో ఒకరికి గుర్తు ఉండబట్టే అది మళ్ళీ లోకానికి దొరికింది. మీ ఊరి పెద్దలకు గుర్తున్నది కూడా మీ పిల్లలకు అందాలి.